విత్తనములకై జగమెల్ల తిరిగిన వవీలోవు

మధ్యాహ్నమున విస్తరి ముందు కూర్చుండినపుడు అందలి పదార్థములలో ఏది ఏ దేశమున పుట్టినదో ఆలోచించు వారరుదు. కందిపప్పు, వంకాయ మన దేశపు సొత్తు. పచ్చడిలోని మిరప మెక్సికో ప్రాంతమున పుట్టి, 16వ శతాబ్దమున పోర్చుగీసు వారి ఓడలలో మన తీరమునకు చేరినది. వేరుసెనగ దక్షిణ అమెరికా పంట. తాతముత్తాతల నాటినుండి మనదే యని తలచుచున్న జొన్న సైతము వేలయేండ్ల క్రిందట ఆఫ్రికా ఖండమునుండి వచ్చినదే. ఏ పంట ఏ గడ్డపై మొదట మానవుని చేతికి చిక్కినది, అచట దానికి ఎన్ని రకములు గలవు, వానిలో చలికి నిలుచునదేది, అనావృష్టికి నిలుచునదేది, తెగులునకు లొంగనిదేది అను ప్రశ్నలను పట్టుకొని ఖండములన్నియు గాలించి, రెండున్నర లక్షల విత్తనపు మాదిరులు ఒక్కచోట చేరుటకు కారకుడైన మహనీయుడు రష్యా దేశస్థుడగు నికొలాయ్ ఇవానొవిచ్ వవీలోవు. లోకమునకు అన్నము కొరతపడకుండుటకై పాటుపడిన ఆయన అన్నము లేకయే చెరసాలలో కన్నుమూసెను.

వవీలోవు 1887వ సంవత్సరము నవంబరు 25వ తేదీన మాస్కో నగరమున జన్మించెను. తండ్రి రైతు కుటుంబీకుడు. చిన్నతనముననే పల్లె విడిచి మాస్కో చేరి, అంగడిలో పని నేర్చి, క్రమముగా బట్టల వ్యాపారమున పైకి వచ్చినవాడు. నికొలాయ్ నాలుగేండ్ల బాలుడై యుండగా, 1891, 1892 సంవత్సరములలో వోల్గా నదీ ప్రాంతమున వానలు లేక ఘోరమైన కరవు సంభవించి లక్షలాది జనులు మరణించిరి. రష్యాకు ఇట్టి కరవు కొత్తది కాదు. ఆ దేశమున మిక్కిలి సారవంతములైన నల్లరేగడి భూములు గలవు. ఐనను చలికాలమున మంచునకు పైరు చచ్చుటయో, వేసవిలో వడగాలికి మాడుటయో కొన్నేండ్లకొకసారి తప్పకుండెను. కుమారుని తన వ్యాపారమున ప్రవేశపెట్టవలెనని తండ్రి తలచెను. కుమారుడు మాస్కో వ్యవసాయ విద్యాలయమున చేరెను. అచట ఆయన చదువు ముగియునపుడు సమర్పించిన పరిశోధన పైరును తిను నత్తలను గూర్చినది. ముందుముందు ఖండములను గాలింపబోవు మనుష్యుడు నత్తలతో మొదలుపెట్టుట చిత్రమే గాని, పొలమునకు పోయి నేలవైపు వంగి చూచు అలవాటు ఆయనకు అప్పుడే అబ్బినది.

1913లో ఆయన ఇంగ్లండునకు పోయి, తల్లిదండ్రుల గుణములు సంతతికి సంక్రమించు తీరును తెలుపు జన్యుశాస్త్రమును బేట్సన్ పండితుని వద్ద అభ్యసించెను. కుంకుమ తెగులు వంటి తెగుళ్లకు కొన్ని గోధుమ రకములు ఏల లొంగవో తెలిసికొనుట అప్పటి ఆయన పని. మరుసటి సంవత్సరము మొదటి ప్రపంచ యుద్ధము ప్రారంభము కాగా స్వదేశమునకు తిరిగి వచ్చెను. కంటిలో దోషముండుటచే సైన్యమున చేర్చుకొనలేదు.

1916లో పర్షియాలోని రష్యను సైనికులకు ఒక వింత వ్యాధి పట్టుకొనెను. రొట్టె తినిన కొంతసేపటికి మత్తు గలిగి, తల తిరిగి పడిపోవుచుండిరి. కారణము కనుగొనుటకు వవీలోవును పంపిరి. ఆ ప్రాంతపు గోధుమలలో విషపు కలుపుగింజలు మెండుగా కలసియుండుటయే వ్యాధికి మూలమని ఆయన తేల్చెను. వచ్చిన పని అంతటితో ముగిసినది. ఇంటికి తిరిగి పోవచ్చును. కాని ఆయన గుఱ్ఱములను కూర్చుకొని పామీరు పర్వతములకు బయలుదేరెను.

ఆ కొండలలో ఆయన గమనించిన విషయమొకటి సేద్యము చేయువారు వినదగినది. రై యను ధాన్యము రష్యాలో పేదవాని రొట్టె. మధ్య ఆసియా లోయలలో నదియే గోధుమ చేలయందు మొలచు కలుపు. రైతులు దానిని తిట్టుచు పీకివేయుదురు. కొండ యెక్కినకొలది చలి హెచ్చును, గోధుమ బలహీనపడును, కలుపు బలియును. మరికొంత యెత్తునకు పోగా పొలములో గోధుమ సగము, రై సగము. ఇంకను పైకి పోయినచో గోధుమ అడుగంటి రై యొక్కటియే నిలిచియుండును. అచటి రైతు దానినే కోసి, దానినే విసరి రొట్టె చేసికొనును. నిన్నటి కలుపు నేటి పంట యగుట ఎట్లో వవీలోవునకు కొండ యెక్కుచుండగనే తెలిసెను. చలి మారినపుడు పంట మారును. మారుటకు తగిన గింజ ఆ చేలలో ముందే యుండవలెను. ఆయన జీవితమంతయు ఈ యొక్క విషయము చుట్టును తిరిగినదని చెప్పవచ్చును.

1917లో వోల్గా తీరమునందలి సరాతోవు నగరమున ఆయనకు ఆచార్య పదవి లభించెను. ఆ యేడే విప్లవము వచ్చెను. దాని వెంట అంతర్యుద్ధము, ఆకలి, విషజ్వరములు. అట్టి దినములలో వవీలోవు తన శిష్యులతో తెల్లవారుజామున పొలమునకు పోయి, వేలకొలది గోధుమ, రై, బార్లీ మొక్కలను ఒక్కొక్కటిగ పరీక్షించుచుండెను. గోధుమలో మీసము గల కంకులు, మీసము లేని కంకులు గలవు, రైలోను గలవు, బార్లీలోను గలవు. ఎఱ్ఱగింజ, తెల్లగింజ, నూగు గల పొట్టు, నునుపు పొట్టు, ముందు కోతకు వచ్చునది, వెనుక వచ్చునది అను భేదములు దగ్గర చుట్టములైన పంటలన్నింటను ఒకే వరుసలో కనబడుచున్నవి. కావున ఒక పంటలో ఒక గుణము కనబడినచో, దాని జ్ఞాతి పంటలో ఆ గుణము ఇంతవరకు కనబడకున్నను ఎక్కడనో ఒకచోట ఉండియే తీరును, వెదకవలెను. 1920వ సంవత్సరము జూను 4వ తేదీన సరాతోవులో జరిగిన శాస్త్రజ్ఞుల మహాసభలో ఆయన ఈ సిద్ధాంతమును ప్రకటింపగా సభ్యులు లేచి హర్షధ్వానములు చేసిరి. కొన్ని యేండ్లకు ఇథియోపియా దేశపు కొండలలో, అంతకుమునుపు ఎవరును చూడని మీసము లేని గట్టిగోధుమ ఆయనకే దొరకినది.

1921లో పెట్రోగ్రాడు నగరమునందలి వృక్షశాస్త్ర శాఖకు ఆయనను అధికారిగ పిలిచిరి. తరువాత లెనిన్‌గ్రాడనియు, నేడు సెయింట్ పీటర్స్‌బర్గనియు పిలువబడుచున్న నగరమదియే. పూర్వపు అధికారి విషజ్వరముతో మరణించియుండెను. గదులలో వెచ్చదనము లేదు. అంతర్యుద్ధకాలమున విత్తనములు చాల భాగము పాడైపోయెను. ఆ యేడే వోల్గా ప్రాంతమున మరల వానలు తప్పి, యుద్ధమువలన అదివరకే కొల్లబోయిన పల్లెలలో సుమారు 50 లక్షల జనము ఆకలికిని రోగములకును బలియైరి. విత్తుకొనవలసిన గింజలను సైతము జనులు తినివేసిరి. విత్తనములు కొనితెచ్చుటకు ప్రభుత్వము వవీలోవును అమెరికాకు పంపెను. ఆయన అచట విత్తనములను కొని పంపుటతో తృప్తి పడక, ఆ దేశమువారు ప్రపంచపు నలుమూలలనుండి పంటరకములను తెప్పించుకొనుచున్న పద్ధతిని శ్రద్ధగా పరిశీలించెను. తన దేశమునకును అట్టి ఏర్పాటు కావలెనని నిశ్చయించుకొనెను.

అటుపై ఆయన చేసిన యాత్రలు కథలను మించినవి. 1924లో ఆఫ్గనిస్థానమున ఐదు నెలలలో సుమారు 5,000 కిలోమీటర్లు తిరిగెను. అందు చాల భాగము గుఱ్ఱముపైనను కాలినడకనను సాగినది. యూరపు వారు మిక్కిలి అరుదుగ అడుగిడిన కాఫిరిస్థానపు లోయలను దాటి వచ్చునప్పటికి 7,000 కు మించిన విత్తనపు మాదిరులు సంచులలో నుండెను. 1926, 1927 సంవత్సరములలో మధ్యధరా సముద్రతీర దేశములును ఇథియోపియాయును. 1929లో పశ్చిమ చైనా, జపాను, కొరియా. 1930లో మెక్సికో, మధ్య అమెరికా. 1932, 1933లలో దక్షిణ అమెరికా. దారిలో మలేరియా పట్టుకొనెను, విషజ్వరము పట్టుకొనెను. ఎచటికి పోయినను ఆయన వేషము ఒక్కటియే. కోటు, మెడపట్టీ, తలపై టోపీ. ఆ వేషముతోనే మోకాళ్లపై కూర్చుండి కంకులు తెంపుకొనుచుండెను. రాత్రి నాలుగైదు గంటలకు మించి నిదురించుట ఆయన యెరుగడని తోడివారు చెప్పుకొనిరి.

క్రొత్త ఊరు చేరినవెంటనే ఆయన చూచునది సంత. గింజలమ్ము ప్రతి అంగడిలోను ప్రతి రకములో పిడికెడు కొనును. తరువాత పొలమునకు పోవును. గింజ యే నెలలో విత్తుదురు, ఎన్ని దినములకు కోయుదురు, రొట్టెకు మేలా, గంజికి మేలా అని రైతులను ప్రశ్నించి వ్రాసికొనును. ఏ బడిలోను చదువని ఆ రైతులే, వారి తాతముత్తాతలే, వేలయేండ్ల తరబడి మంచి కంకులను ఏరి దాచి ఈ రకములను నిలిపిన అసలు శాస్త్రజ్ఞులని ఆయన గుర్తించెను. పెద్ద చదువులు చదివినవారిలో ఈ గుర్తింపు ఆనాడు అంత సులభముగ కనబడునది కాదు.

ఇట్లు తిరుగుచుండగా ఒక చిత్రము ఆయన కంటబడెను. ప్రపంచపటమున గోధుమ పండని దేశములు తక్కువ. కాని గోధుమలో వందలాది రకములు కుప్పపోసినట్లు కనబడునవి కొన్ని కొండ ప్రాంతములే. మొక్కజొన్నకు మెక్సికో, బంగాళాదుంపకు దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములు, కందికి మన దేశము అట్టివి. ఏ చోట రకములు మెండుగ నున్నవో ఆ చోటనే ఆ పంట పుట్టియుండునని తలచి, 1926లో పంటల జన్మస్థానములను గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆయన ఊహలన్నియు నిలిచినవి కావు. వరి హిందూదేశమున పుట్టినదని ఆయన తలచెను. చైనాలోని యాంగ్జీ నదీ తీరమునకును అందు ప్రధానమైన పాలు కలదని తరువాతి పరిశోధకులు చూపిరి. ఐనను ఎచట వెదకవలెనో ఆయన చూపిన త్రోవ నేటికిని చెడలేదు.

రకములు పెక్కుండిన నేమి, మంచిదొక్కటి చాలదా యని కొందరకు తోచవచ్చును. ఐర్లండు దేశమున 19వ శతాబ్దపు పూర్వార్ధమున పేదలు దాదాపు ఒకే రకపు బంగాళాదుంపను నమ్ముకొని బ్రతుకుచుండిరి. 1845లో తెగులు వచ్చినది. ఆ తెగులునకు ఒక చేను లొంగినచో అన్ని చేలును లొంగినట్లే. పాలకుల ఉపేక్షయు తోడై పది లక్షల మంది మరణించిరి. అంతకు తక్కువ కాని సంఖ్యలో జనము దేశమువిడిచి పోయిరి. ఆండీసు కొండలలోని రైతు మాత్రము ఒకే కమతమున పలురంగుల, పలు ఆకారముల దుంపలను కలిపి నాటును. మంచు పడిన యేడు కొన్ని పోవును, కొన్ని మిగులును.

వాతావరణము అదుపు తప్పుచున్న ఈ కాలమున ఆ సంగతి మన గోదావరి, కృష్ణా డెల్టాల రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. కార్తె దాటిన వాన, ఒక్క రాత్రిలో పడు నెలనాటి వాన, కోతకు ముందు వచ్చు తుపాను వారెరిగినవే. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన స్థానమువారు 1982లో విడుదల చేసిన స్వర్ణ యను వరి వంగడము ఆంధ్రదేశము దాటి ఒరిస్సా, బెంగాలు, బీహారుల వరకు వ్యాపించినది. దిగుబడి మేలైనదే కాని, వరదనీటిలో పూర్తిగ మునిగి వారము దాటినచో చచ్చిపోవును. ఒరిస్సాలో ధలపుటియా యను ప్రాచీనమైన నాటు వరి యొకటి కలదు. దిగుబడిలో అది స్వర్ణకు సాటి రాదు. కాని రెండువారములు నీట మునిగియున్నను నీరు తీసిన పిమ్మట మరల చిగుర్చును. దానినుండి ఏరిన రకమును కొందరు దశాబ్దముల తరబడి పడేయక దాచియుంచిరి. ఆ గుణమునకు మూలమేదో గుర్తించి, సంకరముల ద్వారా స్వర్ణలో చేర్చి, 2009లో మునకను తట్టుకొను స్వర్ణను మన దేశమున విడుదల చేసిరి. నాటు వరి దాచియుండకపోయినచో చేర్చుటకేమియు నుండెడిది కాదు. హైదరాబాదునకు చేరువనున్న పటాన్‌చెరువులో 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ సంస్థయందు జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ మొదలగు మెట్టపంటల మాదిరులు లక్షకు మించి శీతలపు గదులలో భద్రపరుపబడియున్నవి. ఇట్టి విత్తన భాండారములన్నింటికిని మూలము పెట్రోగ్రాడు నందలి ఆ చల్లని గదులే.

వవీలోవు విత్తనములను భద్రపరచుటతో ఊరకుండలేదు. తెచ్చిన గింజలను దేశమందు ఉత్తరపు మంచు సీమలు మొదలుకొని దక్షిణపు వేడి తీరములవరకు నూరుకు మించిన చోట్ల ఒకే పద్ధతిలో విత్తించి, ఏది యెక్కడ నిలుచునో లెక్కలు కట్టించెను. 1929లో వ్యవసాయ శాస్త్రముల అకాడమీకి అధ్యక్షుడయ్యెను. 1940 నాటికి ఆయన సంస్థలో రెండున్నర లక్షల మాదిరులుండెను. అంతటి విత్తన సంపద నాడు మరియే దేశమునను లేకుండెను.

ఇక కష్టకాలము. ప్రభుత్వము రైతుల భూములను సమష్టి క్షేత్రములలో బలవంతముగ కలిపివేసి, పల్లెలనుండి ధాన్యమును నిర్బంధముగ తరలించుకొని పోవుటచే 1932, 1933 సంవత్సరములలో ఉక్రెయిను, వోల్గా, కజక్‌స్థాను ప్రాంతములందు లక్షలాది ప్రజలు ఆకలికి చచ్చిరి. పాలకులకు వెంటనే పంట కావలెను. క్రొత్త వంగడమొకటి తయారగుటకు పది పండ్రెండేండ్లు పట్టును. దానిని నాలుగైదేండ్లలో ముగింపవలెనని 1931లోనే ఉత్తరువు చేసియుండిరి. విత్తనములు దెచ్చుటకు అంత ధనము వ్యయము చేసి, దేశములన్నియు తిరిగి, కళ్లమునకు ఏమి చేర్చితివని వవీలోవును నిలదీసినవారు కలరు. ఆ ప్రశ్నను పూర్తిగ తోసివేయరాదు. ఆకలిగొన్నవానికి పదేండ్లు పొడవైన కాలము. కాని ఆ ఆకలి విత్తనములు చాలక వచ్చినది కాదు. ఆ మాట బహిరంగముగ పలుకుటకు ఆ దేశమున ఎవరికిని వీలు లేకుండెను. వవీలోవును పలుకలేదు.

ఆ సమయమున ముందుకు వచ్చినవాడు త్రోఫిం లైసెంకో. ఇతడు ఉక్రెయిను రైతు కుమారుడు. విత్తుటకు ముందు గింజలను నానబెట్టి చలిలో నుంచినచో పంట త్వరగ వచ్చునని ప్రకటించి పేరుపొందెను. అందు కొంత సత్యము లేకపోలేదు. వవీలోవు సైతము మొదట ఈ యువకుని మెచ్చుకొని ప్రోత్సహించెను. అది ఆయన చేసిన పొరపాటులలో పెద్దది. లైసెంకో అంతటితో ఆగలేదు. సంతతికి గుణములను చేర్చు జన్యువులే లేవనియు, పరిసరములను మార్చినచో పంట స్వభావమే మారుననియు, రెండు మూడేండ్లలో క్రొత్త వంగడములను ఇచ్చెదననియు వాగ్దానము చేసెను. 1935లో ఒక సభలో స్టాలిన్ స్వయముగ అతనిని మెచ్చుకొనెను. ఆ యేడే వవీలోవును అకాడమీ అధ్యక్ష పదవినుండి దింపిరి. 1938లో ఆ పీఠమున లైసెంకో కూర్చుండెను. 1939లో ఎడింబరోలో జరిగిన అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభకు వవీలోవును అధ్యక్షునిగ ఎన్నుకొనిరి. ప్రభుత్వము ఆయనను పోనీయలేదు. సభలో ఆయన కుర్చీ ఖాళీగ నుండెను. తాను నమ్మిన సత్యమునకై చితిపై కాలుటకైనను సిద్ధమని ఆయన ఆ దినములలో సహచరుల యెదుట ప్రకటించెను. కొందరు మిత్రులు దూరమైరి. కొందరు శిష్యులు ఎదుటి పక్షమున చేరిరి.

1940వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన ఆయన పశ్చిమ ఉక్రెయినులోని చెర్నోవిత్సీ పట్టణమునకు చేరువ కొండలలో గింజలు ఏరుచుండెను. నల్లని మోటారుకారులో వచ్చిన అధికారులు మాస్కోనుండి పిలుపు వచ్చినదని చెప్పి ఆయనను తీసికొనిపోయిరి. ఆ రాత్రి సహచరులు ఆయన సంచి విప్పి చూడగా, ఆ నాడు ఏరిన వానిలో ఆ ప్రాంతమున ఉన్నదని ఎవరును ఎరుగని ప్రాచీనమైన గోధుమ జాతి ఒకటి కనబడెను.

విచారణ పదునొకండు నెలలు సాగెను. రాత్రులయందు నిలువబెట్టి గంటలకొలది ప్రశ్నించిరి. విదేశీయుల గూఢచారి యనియు, దేశపు వ్యవసాయమును బుద్ధిపూర్వకముగ చెరచినాడనియు నేరములు మోపిరి. 1941 జూలై 9వ తేదీన కొలది నిమిషములలో విచారణ ముగించి మరణశిక్ష విధించిరి. జర్మను సేనలు మాస్కో సమీపించుటచే ఖైదీలను ఆ శరత్కాలమున సరాతోవునకు తరలించిరి. ఇరువదేండ్ల క్రిందట తాను పాఠములు చెప్పిన ఊరిలోనే ఆయన కిటికీ లేని కొట్టున బంధింపబడెను. అచటను తోటి ఖైదీలకు మొక్కలను గూర్చి ఉపన్యాసములిచ్చుచుండెనట. చెరలో వ్యవసాయ చరిత్రను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము అధికారుల చేతబడి నశించినది. వృద్ధుడైన ఆయన గురువు ప్ర్యానిష్నికోవు భయము విడిచి పాలకులకు విన్నపములు పంపుచునే యుండెను. 1942లో మరణశిక్షను ఇరువదేండ్ల ఖైదుగ మార్చిరి. ఆ యేడే లండను రాయల్ సొసైటీవారు ఆయనను సభ్యునిగ ఎన్నుకొనిరి. ఆ వార్త ఆయనకు అందినదో లేదో!

ఆయన భార్య యెలెనా బరూలినా మసూరు పప్పు రకములపై పరిశోధన చేసిన విదుషీమణి. ఆమె పుట్టిల్లు సరాతోవే. యుద్ధము వచ్చుటచే పదమూడేండ్ల కుమారుడు యూరితో ఆమె అచటికే చేరెను. భర్త మాస్కో చెరలో నున్నాడని తలచి, తమకు లేకున్నను కూడబెట్టి ఆహారపు పొట్లములను మాస్కోకు పంపుచుండెను. అదే ఊరి చెరసాలలో, కొలది వీధుల అవతల, భర్త ఆకలితో క్షీణించుచున్నాడని ఆమె ఎరుగదు. 1943వ సంవత్సరము జనవరి 26వ తేదీన వవీలోవు ఆ చెరసాల వైద్యశాలలో మరణించెను. ఆయనకు 55 ఏండ్లు.

లెనిన్‌గ్రాడులోని ఆయన సంస్థకు ఆ సమయమున మరియొక పరీక్ష వచ్చియుండెను. 1941 సెప్టెంబరునుండి జర్మను సేనలు నగరమును ముట్టడించి, సుమారు 900 దినములు వదలలేదు. ఆ చలికాలమున పనివారు కానివారికి దినమునకు 125 గ్రాముల రొట్టె మాత్రమే దొరకెను. అందును పిండితోపాటు ఊక వంటివి కలసియుండెను. సంస్థ గదులలో టన్నులకొలది గింజలుండెను. గోధుమ, వరి, మొక్కజొన్న, బఠాణి. ఉద్యోగులు ఎలుకలను తోలుచు, వంతులు వేసికొని కాపలా కాచిరి. కొంత భాగమును గడ్డకట్టిన లదోగా సరస్సు మీదుగ ఉరల్ ప్రాంతమునకు పంపిరి. బంగాళాదుంపలు గడ్డకట్టి చెడకుండ విరిగిన బల్లలను, కుర్చీలను తగులబెట్టి నేలమాళిగను వెచ్చగ నుంచిరి. వరి రకములను కాచిన ద్మీత్రి ఇవానొవు ఆకలితో మరణించునప్పటికి ఆయన గదిలో వేలాది వరి పొట్లములు చెక్కుచెదరకుండెను. వేరుసెనగ శాఖాధికారి అలెక్సాండరు ష్చూకిను తన బల్లవద్దనే ఒరిగిపోయెను. ఓట్ల శాఖలో లిలియా రోదినా మరణించెను. ఇట్లు మరణించినవారింకను కలరు. వండుకొని తినిన వారిని తప్పుపట్టువారు ఆనాడు ఎవరుందురు? వారు తినలేదు. తమ అధికారి ఎచటనున్నాడో, ఉన్నాడో లేడో కూడ వారికి తెలియదు.

1948లో జన్యుశాస్త్రమును ఆ దేశమున బోధింపకుండ నిషేధించిరి. నికొలాయ్ తమ్ముడు సెర్గేయ్ వవీలోవు ప్రసిద్ధ భౌతికశాస్త్రజ్ఞుడు. ఆయనను 1945లో స్టాలిన్ ప్రభుత్వమే శాస్త్ర అకాడమీకి అధ్యక్షునిగ చేసెను. అన్నను చంపినవారి కొలువున ఆ పదవిని మోయుచు 1951లో ఆయన గుండె ఆగిపోయెను. స్టాలిన్ మరణానంతరము 1955లో నికొలాయ్ వవీలోవు నిర్దోషియని న్యాయస్థానము తీర్పుచెప్పినది. లైసెంకో ప్రాబల్యము 1965 నాటికి గాని అంతరింపలేదు. అప్పటికి ఆ దేశపు జన్యుశాస్త్రము ఒక తరము వెనుకబడిపోయినది. 1967లో లెనిన్‌గ్రాడు సంస్థకు వవీలోవు పేరు పెట్టిరి.

భర్త నిర్దోషియని తేలిన పిమ్మట యెలెనా బరూలినా అనారోగ్యముతోనే ఆయన కాగితములను సవరించు పనికి పూనుకొని, 1957లో మరణించెను. యాత్రలను గూర్చి ఆయన వ్రాసికొనిన వ్రాతప్రతిలో కొంత భాగము నష్టము కాగా, మిగిలినది ఐదు ఖండములు అను పేర 1962లో వెలువడెను. సరాతోవు శ్మశానమున చెరసాలవారు ఆయనను పాతిన చోటు ఇదియని చూపుటకు గుర్తు లేదు. శ్మశానపు ద్వారమునకు సమీపమున ఒక స్మారకమును మాత్రము నిలిపియున్నారు.